స్పెయిన్ బడిలో ఇంగ్లీషు సహాయకులుగా ఒక ఏడాది: తిరుపతి, చిత్తూరు పట్టభద్రులకు ఒక మార్గదర్శి

స్పెయిన్ ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులు సాధారణంగా ఆ దేశస్థులే. వ్యాకరణం, పాఠ్యపుస్తకం, పరీక్షలు, మార్కులు అన్నీ వారి చేతిలోనే ఉంటాయి. అయితే ఇంగ్లీషును నిత్యవ్యవహారంలో వాడే మనిషితో ముఖాముఖి మాట్లాడే అవకాశం అక్కడి పిల్లలకు తక్కువ. ఆ లోటు తీర్చడానికి అక్కడి విద్యా మంత్రిత్వ శాఖ, ప్రాంతీయ ప్రభుత్వాలు కలిసి ఏటా విదేశాల నుంచి పట్టభద్రులను, డిగ్రీ చివరి సంవత్సరాల విద్యార్థులను సహాయకులుగా పిలిపించుకుంటాయి. ఆ సహాయకుడిని అక్కడ ‘ఆక్సిలియార్ దె కొన్వెర్సాసియోన్’ అంటారు. సిబ్బంది గదిలో క్లుప్తంగా ‘ఆక్సిలియార్’ అనే పిలుస్తారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో, చిత్తూరులోని ఏదైనా డిగ్రీ కళాశాలలోనో చదివి, ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడగలిగి, ఒక విద్యా సంవత్సరం బయటి దేశంలో గడపాలనుకునేవారి కోసం ఈ వ్యాసం.

ముందుగా ఇది ఏది కాదో చెప్పుకోవాలి. ఇది ఉపాధ్యాయ ఉద్యోగం కాదు, యూరప్‌లో స్థిరపడే దారీ కాదు, అప్పులు తీర్చుకునేంత సంపాదనా కాదు. అక్టోబరు 1 నుంచి మే 31 వరకు సాగే ఈ పనికి ఇటీవలి సంవత్సరాల్లో ప్రాంతాన్ని బట్టి వారానికి 12 నుంచి 16 గంటల తరగతులు, నెలకు 700 నుంచి 1000 యూరోల భృతి ఉంటూ వచ్చాయి. మాడ్రిడ్ వంటి ప్రాంతాల్లో గంటలూ ఎక్కువ, భృతీ ఎక్కువ, ఇంటి అద్దె అంతకంటే ఎక్కువ. మంత్రిత్వ శాఖ కార్యక్రమంలో ఆరోగ్య బీమా కలిసి ఉంటుంది. విమాన చార్జీలు, వీసా ఖర్చులు మనవే. యూరోను రూపాయల్లోకి మార్చి చూసినప్పుడు ఆ భృతి ఇక్కడి ప్రైవేటు కళాశాల అధ్యాపకుడి జీతం కంటే పెద్దదిగా కనిపిస్తుంది గానీ, ఖర్చు పెట్టేది కూడా యూరోల్లోనే కనుక ఆ లెక్క ఎవరినీ మభ్యపెట్టకూడదు. పొదుపుగా ఉండే మనిషికి అది తిండికి, గదికి, అప్పుడప్పుడు ఒక ప్రయాణానికి సరిపోతుంది. ఇంటికి డబ్బు పంపాలన్న ఉద్దేశంతో వెళ్లేవారికి మాత్రం ఇది తగిన మార్గం కాదని నా అభిప్రాయం.

దరఖాస్తు

ఈ కార్యక్రమంలో అత్యధిక స్థానాలు అమెరికా, కెనడా పౌరులకే వెళ్తాయి. మిగిలిన దేశాలకు కేటాయించేవి చాలా తక్కువ. అందువల్ల మొదటి పని ఆ ఏటి అధికారిక ప్రకటన చదవడం. ఏ దేశాల పౌరులు అర్హులు, భారతీయులకు ఆ ఏడాది స్థానాలు ఉన్నాయా, ఉంటే గడువు ఎప్పుడు అన్నవి స్పెయిన్ విద్యా మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులోనూ, న్యూఢిల్లీలోని స్పెయిన్ రాయబార కార్యాలయం ప్రకటనల్లోనూ చూసి నిర్ధారించుకోవాలి. మంత్రిత్వ శాఖ కార్యక్రమం కాక మత సంస్థల పాఠశాలలు, ప్రైవేటు సంస్థలు నడిపే ఇలాంటి కార్యక్రమాలు వేరే ఉన్నాయి. వాటిలో కొన్ని ఫలానా దేశాల పాస్‌పోర్టు ఉన్నవారినే తీసుకుంటాయి, కొన్ని రుసుము వసూలు చేస్తాయి. ఏ కార్యక్రమమైనా పౌరసత్వ నిబంధన చదివిన తరువాతే మిగిలిన పేజీలు చదవడం మంచిది.

మంత్రిత్వ శాఖ దరఖాస్తు ‘ప్రోఫెక్స్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నింపాలి. దానికి రుసుము లేదు. ఊళ్లో ఏ కన్సల్టెన్సీ అయినా ‘సీటు ఇప్పిస్తాం’ అని లక్షల్లో అడిగితే, ఆ సీటు ఇచ్చే అధికారం వారికి లేదని గుర్తుంచుకోవాలి. ఫారం నింపడంలో, పత్రాలు అప్‌లోడ్ చేయడంలో సాయం చేసినందుకు నామమాత్రపు రుసుము ఇవ్వడం వేరే సంగతి. అయినా ఇంగ్లీషు సహాయకుడిగా వెళ్లదలచిన మనిషి తన ఫారం తానే నింపుకోగలగాలి.

ప్రోఫెక్స్‌లో దరఖాస్తు ఒక్కో మెట్టు దాటుతున్నప్పుడు దాని స్థితి మారుతూ ఉంటుంది. పత్రాలన్నీ ఎక్కించి సమర్పించాక ‘ఇన్‌స్క్రీతా’, పరిశీలన జరిగాక ‘రెజిస్త్రాదా’, అర్హత తేలాక ‘అద్మితీదా’, ఎంపికయ్యాక ‘సెలెక్సియొనాదా’, ప్రాంతం కేటాయించాక ‘అద్జుదికాదా’, మనం ఒప్పుకున్నాక ‘అసెప్తాదా’ అని కనిపిస్తాయి. వీటి మధ్య వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. ఆ ఆలస్యం తిరస్కరణ కాదు. ప్రాంతం కేటాయించిన తరువాత మాత్రం మనకు దొరికే వ్యవధి కొద్ది రోజులే. అప్పుడు మెయిల్ చూసుకోకుండా తిరునాళ్లకు వెళ్లామంటే స్థానం మరొకరికి పోతుంది.

దరఖాస్తుకు పాస్‌పోర్టు ప్రతి, డిగ్రీ పట్టా లేదా మార్కుల జాబితా, ఒక అధ్యాపకుడి సిఫారసు లేఖ, మనం స్వయంగా రాసుకునే ఉద్దేశ వివరణ కావాలి. సిఫారసు లేఖ విశ్వవిద్యాలయ లెటర్‌హెడ్‌పై, సంతకం, తేదీ, అధికారిక మెయిల్ చిరునామాతో ఉండాలి. ‘ఈ విద్యార్థి సత్ప్రవర్తన గలవాడు’ అని మన కళాశాలల్లో అలవాటుగా ఇచ్చే కాండక్ట్ సర్టిఫికెట్ ఇక్కడ పనికిరాదు. ఈ అభ్యర్థి పిల్లలతో ఎలా మెలగగలడో, ఇంగ్లీషులో ఎంత సహజంగా మాట్లాడతాడో తెలిసిన అధ్యాపకులను అడిగి, వారికి తగినంత వ్యవధి ఇచ్చి రాయించుకోవాలి. ఉద్దేశ వివరణలో స్పెయిన్ సంస్కృతిపై అభిమానం గురించి పేజీలు నింపే బదులు, సెలవుల్లో ట్యూషన్ చెప్పిన అనుభవం, ఎన్‌ఎస్‌ఎస్ శిబిరంలో పల్లె పిల్లలతో చేసిన పని, నాటకం, ఆట, పాట వంటి నిర్దిష్టమైన విషయాలు రాస్తే చదివేవారికి మనిషి కనిపిస్తాడు.

ప్రాంతాల ఎంపికలో ఫలానా నగరమే కావాలని కోరే వీలుండదు. ప్రాంతాల వరకే ప్రాధాన్యం చెప్పగలం. అందరూ మాడ్రిడ్, అందలూసియా అంటారు. నన్నడిగితే ఎక్స్‌త్రెమదూరా, కాస్తీయా ఇ లెయోన్, గలీసియా వంటి ప్రాంతాలను తక్కువ చేసి చూడనక్కరలేదు. అక్కడి చిన్న పట్టణాల్లో గది అద్దె తక్కువ, భృతి ఎక్కువ రోజులు నిలుస్తుంది, ఇంగ్లీషులో మాట్లాడేవారు తక్కువ కనుక స్పానిష్ తప్పనిసరిగా వస్తుంది.

స్పానిష్ రాకుండా వెళ్లవచ్చా అని చాలామంది అడుగుతారు. తరగతిలో ఇంగ్లీషే మాట్లాడాలి కనుక అక్కడ ఇబ్బంది లేదు. తరగతి బయట బ్యాంకులో, పోలీసు కార్యాలయంలో, ఇంటి యజమానితో స్పానిష్ లేనిదే అడుగు పడదు. న్యూఢిల్లీలో స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్తితూతొ సెర్వాంతెస్ తరగతులు నడుపుతుంది. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ శాఖ ఉంది. తిరుపతిలోనే ఉండి నేర్చుకునేవారికి ఆన్‌లైన్ పాఠాలే దిక్కు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ప్రయాణం దాకా రోజుకు ఒక గంట కేటాయించినా, స్పానిష్ సామర్థ్యాన్ని కొలిచే ‘దేలే’ పరీక్షల కొలమానంలో ఏ2 అనే రెండో ప్రాథమిక స్థాయికి చేరవచ్చు. ఆ పాటి స్పానిష్‌తో అద్దె గది మాట్లాడుకోగలం.

పత్రాలు: అసలు కష్టం ఇక్కడే

ఇంగ్లీషు సరిపోక ఆగిపోయేవారికంటే పత్రాల వరుస తప్పి ఆగిపోయేవారే ఎక్కువ. ఒక్కో పత్రం మరో పత్రం మీద ఆధారపడి ఉంటుంది. కొన్ని ముందే తీసుకుంటే పాతబడిపోతాయి, కొన్ని ఆలస్యం చేస్తే అందవు.

మొట్టమొదట పాస్‌పోర్టులో పేరు చూసుకోవాలి. మన ప్రాంతంలో, ముఖ్యంగా తమిళనాడు సరిహద్దును ఆనుకున్న చిత్తూరు వైపు, ఇంటిపేరు లేకుండా ఇనీషియల్‌తో పేరు రాసుకునే అలవాటు ఉంది. అలా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారూ, ఆ గడిలో తండ్రి పేరు ఉన్నవారూ చాలామంది. స్పెయిన్‌లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు ఉంటాయి, ఒకటి తండ్రి వైపుది, రెండోది తల్లి వైపుది. అందువల్ల అక్కడి ప్రతి ఫారంలోనూ మొదటి ఇంటిపేరు, రెండో ఇంటిపేరు అని వేరువేరు గడులుంటాయి. రెండో గడి ఖాళీగా వదిలేయవచ్చు. మొదటిది ఖాళీగా ఉంటే కంప్యూటరే ముందుకు కదలకపోవచ్చు. పాస్‌పోర్టు, డిగ్రీ పట్టా, పదో తరగతి మార్కుల జాబితా మూడింటిలో పేరు ఒకే తీరుగా లేకపోతే, దరఖాస్తు కంటే ముందే తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో సరిచేయించుకోవడం ఉత్తమం. ఆ తరువాత ప్రోఫెక్స్‌లోనూ, వీసా ఫారంలోనూ, విమానం టికెట్టులోనూ పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే రాయాలి.

ఎంపిక ఖరారయ్యాక స్పెయిన్ నుంచి నియామక లేఖ వస్తుంది. పాఠశాల పేరు, చిరునామా, తేదీలు, వారానికి గంటలు, భృతి, బీమా అందులో ఉంటాయి. వీసాకు మూలాధారం ఆ లేఖే. నెలవారీ భృతి అందులో రాసి ఉంటుంది కనుక ఆర్థిక ఆధారంగానూ అదే పనికొస్తుంది. లేఖ రాగానే తేదీలు, పేరులోని అక్షరాలు, పాస్‌పోర్టు సంఖ్య ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, తప్పు ఉంటే వెంటనే రాసి సవరింపజేసుకోవాలి.

కావలసింది ‘డి’ రకం దీర్ఘకాలిక జాతీయ వీసా. పర్యాటకుల షెంగెన్ వీసా కాదు. ఆరు నెలలకు మించిన నివాసం కనుక దీనికి పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్, వైద్య ధ్రువపత్రం రెండూ తప్పనిసరి. పోలీసు సర్టిఫికెట్ అంటే జిల్లా ఎస్పీ కార్యాలయం ఉద్యోగాల కోసం ఇచ్చేది కాదు, పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చేది. పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులో రుసుము కట్టి, అపాయింట్‌మెంటు తీసుకుని, కేంద్రానికి వెళ్లాలి. తరువాత అవసరాన్ని బట్టి స్థానిక పోలీసు విచారణ జరుగుతుంది. చదువు కోసం చెన్నైలోనో బెంగళూరులోనో ఉంటూ పాస్‌పోర్టులో మాత్రం పలమనేరు చిరునామా ఉన్నవారికి ఈ విచారణ దగ్గరే ఆలస్యమవుతుంది. కాబట్టి ఆ రోజుల్లో పాస్‌పోర్టు చిరునామాలో అందుబాటులో ఉండాలి.

ఆ పోలీసు సర్టిఫికెట్ మీద విదేశాంగ మంత్రిత్వ శాఖ ‘అపోస్టిల్’ ముద్ర, అంటే మన పత్రం విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర, వేయించాలి. భారత్, స్పెయిన్ రెండూ హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నందున ఆ ముద్ర ఉంటే వేరుగా రాయబార కార్యాలయ ధ్రువీకరణ అక్కరలేదు. డిగ్రీ పట్టాకు కూడా అపోస్టిల్ అడిగితే మాత్రం ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆ తరువాత విదేశాంగ శాఖ ముద్ర అన్న వరుస పాటించాలి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ చాలదని తిప్పి పంపవచ్చు కనుక స్నాతకోత్సవ పట్టా ముందే తెచ్చిపెట్టుకోవాలి. అపోస్టిల్ అయిన తరువాతే స్పానిష్ అనువాదం చేయించాలి, ఎందుకంటే ఆ ముద్ర కూడా అనువాదంలో చేరాలి. అనువాదం చేసేది స్పెయిన్ విదేశాంగ శాఖ గుర్తించిన, ప్రమాణం చేసిన అధికారిక అనువాదకులై ఉండాలి. వారి జాబితా ఆ శాఖే ప్రచురిస్తుంది. స్కాన్ పంపి ఆన్‌లైన్‌లోనే పని జరిపించుకోవచ్చు.

వైద్య ధ్రువపత్రం విషయంలో ఒక చిన్న మెలిక ఉంది. ‘ఆరోగ్యంగా ఉన్నారు, ప్రయాణానికి తగును’ అని మన వైద్యులు రాసే వాక్యం అక్కడ చెల్లదు. 2005 అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం ప్రజారోగ్యానికి తీవ్ర ముప్పు కలిగించే వ్యాధులేవీ ఈ వ్యక్తికి లేవు అన్న అర్థం వచ్చే నిర్దిష్ట వాక్యం ఉండాలి. రుయా ఆసుపత్రికి వెళ్లినా, స్విమ్స్‌కు వెళ్లినా, వీధి చివరి క్లినిక్‌కు వెళ్లినా, వీసా కేంద్రం ఇచ్చిన నమూనాను అచ్చువేసి తీసుకెళ్లి, వైద్యుడి లెటర్‌హెడ్‌పై అదే మాట రాయించి, సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండేలా చూసుకోవాలి. పోలీసు సర్టిఫికెట్, వైద్య ధ్రువపత్రం రెండింటికీ కాలపరిమితి ఉంటుంది. ఎంపిక కాకముందే ఉత్సాహంతో తీసిపెట్టుకుంటే వీసా నాటికి పాతబడతాయి; నియామకం ఖాయమయ్యాక వెంటనే మొదలుపెట్టడం సరైన సమయం. పిల్లల మధ్య చేసే పని కనుక లైంగిక నేరాల చరిత్ర లేదన్న ధ్రువీకరణ కూడా అడుగుతారు. దానిని స్పెయిన్ న్యాయ మంత్రిత్వ శాఖ ఇస్తుంది, పాఠశాలలో చేరే వేళకు అది చేతిలో ఉండాలి.

వీసా దరఖాస్తులను భారత్‌లో బీఎల్‌ఎస్ అనే ప్రైవేటు సంస్థ కేంద్రాలు స్వీకరిస్తాయి. నిర్ణయం తీసుకునేది మాత్రం స్పెయిన్ దౌత్య కార్యాలయం. ఆంధ్రప్రదేశ్ నివాసులు ఏ కార్యాలయం పరిధిలోకి వస్తారో చూసి, ఆ పరిధికి చెందిన కేంద్రంలోనే అపాయింట్‌మెంటు తీసుకోవాలి. చెన్నై మనకు దగ్గర కదా అని అక్కడికి వెళ్లి, పరిధి వేరని తెలిసి వెనక్కి వచ్చే అవస్థ పడకూడదు. జూలై, ఆగస్టు నెలల్లో విద్యార్థుల రద్దీ వల్ల అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టమవుతుంది. వీసా ముద్ర పడేవరకు వాపసు రాని టికెట్టు కొనవద్దు. రేణిగుంట నుంచి దేశీయ విమానాలు ఎక్కి మారే కంటే, రోడ్డు మీద చెన్నై విమానాశ్రయానికి వెళ్లి అక్కడి నుంచి గల్ఫ్ మీదుగా మాడ్రిడ్ చేరడమే చాలామందికి సులువు.

దిగిన తొలి నెల

చేతిలో కనీసం రెండు మూడు నెలల ఖర్చు ఉంచుకుని బయలుదేరాలి. తొలి భృతి అక్టోబరు ఆఖరుకు వస్తే అదృష్టం. కొన్ని ప్రాంతాల్లో నవంబరు, డిసెంబరు దాకా ఆలస్యమైన సందర్భాలున్నాయి. గది తీసుకునేటప్పుడు ఒక నెల అద్దె, దానికి తోడు అంతే మొత్తం డిపాజిట్టు ఒకేసారి అడుగుతారు. గదిని కంటితో చూడకుండా, ఫొటోలు మాత్రమే చూసి తిరుపతి నుంచే డబ్బు పంపడం మంచిది కాదు. తొలి వారం హాస్టల్లో ఉండి, పాఠశాలలోని సమన్వయకర్తను అడిగితే తోటి ఉపాధ్యాయుల ద్వారానే మంచి గది దొరకవచ్చు.

తరువాత చేయవలసిన పనులకు ఒక వరుస ఉంది. ముందు పురపాలక కార్యాలయంలో నివాస నమోదు, దానినే ‘ఎంపాద్రొనమియెంతొ’ అంటారు. ఆ తరువాత పోలీసు విదేశీయుల విభాగంలో వేలిముద్రలు ఇచ్చి ‘టీఐఈ’ అనే గుర్తింపు కార్డు పొందాలి. దేశంలో అడుగుపెట్టిన నెలలోపు దానికి దరఖాస్తు చేయాలి. ‘ఈఎక్స్-17’ ఫారం, 790 సంఖ్య గల చలానా మీద కట్టిన రుసుము రసీదు, ఫొటోలు, పాస్‌పోర్టు, నియామక లేఖ వెంట ఉండాలి. దీనికి ముందుగా ఆన్‌లైన్ అపాయింట్‌మెంటు కావాలి. దాని పేరు ‘సీతా ప్రేవియా’. తిరుమల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు విడుదలైన నిమిషాల్లో అయిపోవడం చూసిన మనకు, పెద్ద నగరాల్లో ఆ అపాయింట్‌మెంట్ల తీరు కొత్తగా అనిపించదు.

క్రిస్మస్ సెలవులకు ఇంటికి రావాలనుకునేవారు ఒక సంగతి జాగ్రత్తగా గమనించాలి. ‘డి’ వీసా ముద్ర చాలా సందర్భాల్లో తొలి మూడు నెలలకే ఇస్తారు. కార్డు చేతికి రాకముందే ఆ గడువు ముగిసి, మనం దేశం దాటితే, తిరిగి లోపలికి రావడానికి ‘ఔతొరిసాసియోన్ దె రెగ్రేసో’ అనే తిరుగు అనుమతి పత్రం ఉండాలి. అది పోలీసు కార్యాలయంలోనే, కార్డు దరఖాస్తు రసీదు చూపించి తీసుకోవాలి. ఇది లేకుండా సంక్రాంతికి ఊరికి వచ్చినవారు చెన్నైలో విమానం ఎక్కే దగ్గరే ఆగిపోతారు.

తరగతిలో

స్పెయిన్‌లో ప్రాథమిక విద్య 6 నుంచి 12 ఏళ్ల వరకు ఆరు తరగతులు. తరువాత 16 ఏళ్ల వరకు ‘ఎసో’ అనే తప్పనిసరి మాధ్యమిక విద్య నాలుగేళ్లు. ఆపైన మన ఇంటర్మీడియట్‌తో పోల్చదగిన రెండేళ్ల ‘బచియెరాతొ’. మిమ్మల్ని ఎక్కడ వేస్తారన్నది నియామక లేఖలోనే తెలుస్తుంది. ద్విభాషా పాఠశాల అయితే ఇంగ్లీషు తరగతికే కాక, ఇంగ్లీషులో బోధించే సామాన్య శాస్త్రం, కళ వంటి పాఠాలకు కూడా సహాయం చేయాలి.

తరగతి బాధ్యత ఎప్పుడూ ఉపాధ్యాయుడిదే. ఆయన గదిలో ఉండాలి, క్రమశిక్షణ ఆయన చూడాలి, పేపర్లు ఆయన దిద్దాలి. మాట్లాడించడం, ఉచ్చారణ సరిచేయడం, చిన్న బృందాలతో ఆటలు ఆడించడం, తన దేశం గురించి చెప్పడం సహాయకుడి పని. కొందరు ఉపాధ్యాయులు మొత్తం తరగతి అప్పగించి కాఫీకి వెళ్తారు, మరికొందరు మూల కూర్చోబెట్టి ఒక్క మాట మాట్లాడనివ్వరు. రెండూ సరికాదు. అలాంటప్పుడు ముందు ఆ ఉపాధ్యాయుడితోనే మెత్తగా మాట్లాడి, కుదరకపోతే సమన్వయకర్తకు చెప్పాలి. పెద్దలకు ఎదురు చెప్పినట్టవుతుందేమో అని మనవాళ్లు నెలల తరబడి సర్దుకుపోతుంటారు. అక్కడ నేరుగా చెప్పడాన్ని ఎవరూ తప్పుగా తీసుకోరు. పిల్లలు మిమ్మల్ని పేరు పెట్టి, ఏకవచనంలో పిలుస్తారు. తలుపు దగ్గర నిలబడి ‘మే ఐ కమిన్ సార్’ అనే తరగతుల నుంచి వెళ్లినవారికి మొదటి వారం ఇది కొంచెం గుచ్చుకుంటుంది. అందులో అగౌరవం లేదు. ఉపాధ్యాయులందరినీ అలాగే పిలుస్తారు.

మన ఇంగ్లీషు యాస గురించి బెంగ అనవసరం. అమెరికా వారిలా గొంతు మార్చుకుని మాట్లాడబోతే అది రెండో వాక్యంలోనే బయటపడుతుంది. నిదానంగా, స్పష్టంగా, పూర్తి వాక్యాల్లో మాట్లాడితే చాలు. కాకపోతే మన దేశంలోనే చెల్లే వాడుకలను పక్కన పెట్టాలి: ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’, ‘ప్రీపోన్’, ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022’ వంటివి పిల్లల నోట పరీక్షలో వస్తే మార్కులు పోతాయి. మరోవైపు, తెలుగు మాట్లాడే మనిషికి ఉచ్చారణ నేర్పడంలో ఒక అనుకూలత ఉంది. స్పానిష్‌లో అచ్చులు ఐదే, వాటిలో హ్రస్వ దీర్ఘ భేదం లేదు. అందుకే అక్కడి పిల్లలకు ‘షిప్’, ‘షీప్’ ఒకేలా వినిపిస్తాయి. గుణింతాలు దిద్దిన చెవికి ఆ తేడా వెంటనే పట్టుబడుతుంది. ‘స్కూల్’ ముందు ‘ఎ’ చేర్చి ‘ఎస్కూల్’ అనడం వారి అలవాటు. మన పల్లెల్లో ‘ఇస్కూలు’ అన్న మాట విని పెరిగినవారికి ఆ చిక్కు ఎక్కడ పుడుతుందో వేరే చెప్పనక్కరలేదు. సకారాన్ని కాసేపు సాగదీయించి, ఆ తరువాత మిగతా మాట పలికిస్తే కొద్ది వారాల్లో తేడా కనిపిస్తుంది.

ఏం మాట్లాడించాలి అన్నదే అసలు ప్రశ్న. భారతదేశం అనగానే తాజ్‌మహల్, ఏనుగు, యోగా చూపించే స్లయిడ్లు ప్రతి సహాయకుడూ చేస్తాడు. పిల్లలు మర్యాదకు చూసి మరచిపోతారు. మన ఊరి సంగతులు చెప్పడం మేలు, ఎందుకంటే వాటి గురించి వచ్చే ప్రశ్నలన్నిటికీ మీ దగ్గర జవాబు ఉంటుంది. పన్నెండేళ్ల పిల్లలకు టమాటా ఒక గంటకు సరిపోయే పాఠం. దక్షిణ అమెరికాలో పుట్టిన ఆ మొక్క స్పెయిన్ నావికుల ద్వారా యూరప్ చేరింది. ఈనాడు మదనపల్లె మార్కెట్టుకు లారీల మీద వస్తోంది. వలెన్సియా దగ్గరి బున్యోల్ ఊళ్లో ఆగస్టు చివరి బుధవారం జనం దానినే ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. ధర పడిపోయినప్పుడు రైతులు టమాటాలను రోడ్డు పక్కన పారబోసే ఫొటో చూపించి, ఆ పక్కన బున్యోల్ ఫొటో పెట్టి, రెండింటిలో తేడా ఏమిటో చెప్పమంటే తరగతి దానంతట అదే మాటల్లో పడుతుంది. మీరు చేయవలసిందల్లా బోర్డు మీద అవసరమైన మాటలు రాయడమే.

ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో అక్కడ కార్నివాల్ వస్తుంది, బడిలో పిల్లలంతా వేషాలు వేసుకుంటారు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో రోజుకొక వేషం కట్టే సంప్రదాయం చెప్పడానికి అంతకంటే తగిన సమయం లేదు. బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, మగవారు చీర కట్టి మొక్కు తీర్చుకోవడం, పాలెగాడి కథ, ఇవన్నీ చెబితే పదో తరగతి వయసు పిల్లలు కూడా ఫోను పక్కన పెడతారు. ఎవరు ఎందుకు వేషం వేస్తారు అన్న దాని మీద రెండు గుంపులుగా మాట్లాడించవచ్చు. భూతకాల క్రియలు కావాలంటే పాలెగాడి కథ, క్రమాన్ని తెలిపే వాక్యాలు కావాలంటే శ్రీకాళహస్తి కలంకారీ: గుడ్డను కరక్కాయ రసంలో, పాలలో తడపడం, ఇనుము, బెల్లం పులియబెట్టి నలుపు తయారుచేయడం, వెదురు కలంతో గీయడం, రంగులద్ది ఉతకడం. చిన్న గుడ్డ ముక్క, ఒక కలం సంచిలో తీసుకెళ్తే బరువేమీ ఉండదు.

‘ఇంగ్లీషు నీ మాతృభాషేనా?’ అని బచియెరాతొ విద్యార్థులు తప్పకుండా అడుగుతారు. దాటవేయకుండా నిజం చెప్పడమే మంచిది. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, పలమనేరు దాటితే కన్నడం, కళాశాలలో ఇంగ్లీషు అని చెబితే వారికి అది వింతగా తోచదు. కాతలాన్, గలీసియన్, బాస్క్ భాషలు స్పానిష్‌తో పాటు ఆయా ప్రాంతాల్లో అధికార భాషలు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో మదనపల్లెలోని బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారన్న సంగతి ఆ సంభాషణకు బాగా పనికొస్తుంది. ఒక బెంగాలీ కవి, తెలుగు నేల, ఇంగ్లీషు అనువాదం: భారత్‌లో ఇంగ్లీషు ఎవరిది అన్న చర్చ అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. ఇంగ్లీషు సామర్థ్యాన్ని కొలిచే కేంబ్రిడ్జ్ మౌఖిక పరీక్షలకు సిద్ధమవుతున్న పిల్లలకు ఇలాంటి చర్చలే అభ్యాసం.

తిండి, రోజువారీ జీవితం

మధ్యాహ్న భోజనం రెండు, మూడు గంటలకు. రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. పదకొండు ప్రాంతంలో సిబ్బంది అంతా కాఫీకి కూర్చుంటారు. ఆ అరగంటలో ఏర్పడే పరిచయాలే ఏడాదంతా సాయపడతాయి కనుక సిగ్గుపడి గ్రంథాలయంలో దాక్కోకూడదు. శాకాహారులు ‘మాంసం లేకుండా’ అని మాత్రమే అడిగితే ట్యూనా చేప వేసిన సలాడ్ రావచ్చు. చేప, హామ్ రెండూ వద్దని విడిగా చెప్పాలి. పప్పు, శనగలతో చేసే వంటకాలు అక్కడ ఇంటింటా ఉన్నా, వాటిలో పంది మాంసపు సాసేజి కలపడం మామూలు. అందువల్ల వంట చేసుకోవడం వచ్చినవారు సుఖపడతారు. బియ్యం, కందిపప్పు, పసుపు, కారం మాడ్రిడ్‌లోని లవపియెస్‌లో, బార్సిలోనాలోని రవాల్‌లో దొరుకుతాయి. చిన్న ఊళ్లకు వెళ్లేవారు ఇంగువ, సాంబారు పొడి వెంట తీసుకెళ్లడం మంచిది.

వారానికి నాలుగు రోజులే బడి ఉన్నా, పన్నెండు గంటల పనే అయినా, ఖాళీ సమయంలో ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పే సహాయకులు చాలామంది ఉన్నారు. మీ నివాస అనుమతిలో ఎలాంటి పని, ఎన్ని గంటలు అనుమతించారో చదివి, ఆ పరిధిలోనే ఒప్పుకోవాలి.

రెండో ఏడాది కొనసాగాలనుకునేవారు మొదటి ఏడాది మధ్యలోనే, కొత్తవారి దరఖాస్తుల కాలంలోనే, పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టాలి. కార్డు గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచే పొడిగింపు కోరవచ్చు. తిరిగి వచ్చేవారు బ్యాంకు ఖాతా మూసే ముందు ఆఖరి నెల భృతి, గది డిపాజిట్టు జమయ్యాయో లేదో చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వారానికి ఎన్ని గంటలు, ఏ తరగతులకు సహాయం చేశారో తెలిపే ధ్రువపత్రాన్ని పాఠశాల ప్రధానాధికారి సంతకం, ముద్రతో మే నెల ముగియకముందే చేతికి తీసుకోవాలి. జూన్ చివర్లో బడులు మూసేశాక ఆగస్టంతా అక్కడి కార్యాలయాల్లో జవాబిచ్చేవారు ఉండరు. తిరుపతి నుంచి మెయిల్ పంపితే సెప్టెంబరు దాకా ఎదురుచూడవలసి వస్తుంది.